మా అత్త విన్న విమానం

విమానాలు చూడ్డానికి పోదామన్న మాట మొదట పుట్టింది కుప్పంలో, మా మరిది నోట్లో. ఆయన రోజూ తెల్లవారకముందే కుప్పంలో రైలెక్కి బెంగళూరుకు ఉద్యోగానికి పోయి, చీకటి పడ్డాక తిరిగొచ్చే మనిషి. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడతాడు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నాకు ఫోన్ చేసి అరిచినంత పని చేశాడు.

"వదినా, ఈ పొద్దు మా ఆఫీసు మింద యుద్ధ విమానాలు పోయినాయి. ప్రాక్టీసంట. కిటికీ అద్దాలు గడగడ వణికినాయి. ఆదివారం జనాలకి చూపిస్తారంట. ఆరు పాసులు తీసేసినా. రామంటే కుదరదు."

బెంగళూరు పక్కన యలహంకలో రెండేళ్లకోసారి విమానాల విన్యాసాలు జరుగుతాయని నేను పేపర్లో చదివాను గానీ, అది మేము పోయి చూసే పని అని ఎప్పుడూ అనుకోలేదు. మా ఆయన మదనపల్లె టమోటా మార్కెట్ యార్డులో మండీ గుమాస్తా. ఎండాకాలం పంట ఇంకా మొదలు కాలేదు కాబట్టి ఒక ఆదివారం ఆయన లేకపోయినా యార్డు ఆగిపోదు. మా పాప ఐదో తరగతి. ఆ ఫోను తర్వాత మూడు రోజులు అది అన్నం తినేటప్పుడు కూడా రెండు చేతులూ చాపి తిరిగింది.

పుంగనూరు నుంచి మా ఆడబిడ్డను, ఆమె భర్తను పిలిచాం. ఆయన రానన్నాడు. వాళ్లింట్లో పొట్టి ఆవులు రెండున్నాయి, అందులో ఒకటి నేడో రేపో ఈనేటట్టుంది. "విమానం నేను లేకపోయినా లేస్తాది, ఆవు నేను లేకపోతే లేయదు" అని చెప్పి పంపించాడు. అలా వదిన ఒక్కతే సంచి భుజాన వేసుకుని శనివారం బస్సు దిగింది. ఒక పాసు మిగిలిపోయింది.

"అవ్వ వస్తాది" అంది మా పాప.

మా అత్తకు చెవులు వినపడక ఏడెనిమిదేళ్లయింది. చిన్నప్పటి నుంచి పుంగనూరు అవతల పల్లెలో గొర్రెలు కాసిన మనిషి. చెవి మిషను కొనిచ్చాం. రెండు రోజులు పెట్టుకుని, "చెవులో జోరీగ దూరినట్టుండాది" అని తీసి దాని డబ్బాలోనే భద్రంగా పెట్టేసింది. అప్పటి నుంచి మేమంతా ఆమెతో గొంతు చించుకుని మాట్లాడడం, ఆమె మా మొహాలు చూసి తలూపడం. అలవాటు కొద్దీ ఏదో పోల్చుకుంటుందిలే అనుకునేవాళ్లం.

నేను పొయ్యి దగ్గర చిత్రాన్నానికి పోపు వేస్తూ, పక్కనున్న వదినతో మెల్లగా అన్నాను. "చెవులు ఇనపడని ఆమెకి యాలమ్మా ఆ ఎండలో విమానాలు? మన ప్రాణం తీస్తాది." అత్త ఎదురుగా పీట మీద కూర్చుని కరివేపాకు రెబ్బలు దూస్తోంది. తెల్లవారి మేం తయారై కారు దగ్గరికి వచ్చేసరికి, పెళ్లిళ్లకు తప్ప పెట్టెలోంచి తీయని ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, ముందు సీట్లో కూర్చుని ఉంది.

"అమా, పెండ్లికి పోతాండామా?" అని వదిన కారు అదిరేలా అరిచింది.

"పెండ్లి చానా సూసినాలే" అంది అత్త.

చింతామణి దాటేసరికి బాగా ఎండ వచ్చింది. వదిన కూర్చున్న కారులో రేడియో అవసరం లేదు. ఆవు కడుపు గురించి, పుంగనూరు సంత గురించి, తన తోటికోడలు కొన్న ఫ్రిజ్ గురించి ఆపకుండా చెబుతూ ఉంది. దేవనహళ్లి దగ్గరికి వచ్చాక ఉన్నట్టుండి ఒక విమానం మా నెత్తి మీద నుంచి చాలా కిందుగా పోయింది. మా పాప కేక వేసింది. వదిన కిటికీలోంచి సగం బయటికి వచ్చి చప్పట్లు కొట్టింది. నేను కూడా కొట్టాను. రెండు నిమిషాలకు ఇంకొకటి వచ్చింది, మళ్లీ కొట్టాం. నాలుగో దానికి మా ఆయన కారు పక్కకు తీసి నవ్వడం మొదలుపెట్టాడు.

"అది ఎయిర్‌పోర్టు తల్లీ. అవన్నీ మనుషులు టిక్కెట్టు కొనుక్కోని పోయే విమానాలు. మన మదనపల్లె బస్టాండులో బస్సుకి చప్పట్లు కొట్టినట్టుండాది మీ యవ్వారం."

"ఏ విమానమైతే ఏముందిరా? మనం సూసేకి వచ్చినాం" అని వదిన ఐదో దానికి కూడా కొట్టింది.

యలహంక దగ్గర కార్లు చీమల బారుల్లా ఉన్నాయి. ఎక్కడో దూరంగా బండి నిలిపి నడుచుకుంటూ గేటు దగ్గరికి పోతే, మొదటి రైలుకే వచ్చిన మా మరిది మెడలో పాసుల తాళ్లన్నీ వేసుకుని నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి రెండు చేతులూ ఊపాడు. అక్కడే మొదటి అడ్డంకి వచ్చింది. గేటు దగ్గరున్న ఆయన వదిన సంచిలోకి తొంగి చూసి, "ఊట ఒళగె బిడల్ల" అన్నాడు. తిండి లోపలికి పోనివ్వరట.

సంచిలో ఏముందో నాకు తెలుసు. పెద్ద గిన్నెడు చిత్రాన్నం, మేం ఓళిగలనే బొబ్బట్లు ముప్పై దాకా, డబ్బా నిండా కరకరలాడే నిప్పట్లు, ఉడకబెట్టిన చెనక్కాయలు. పుంగనూరులో కన్నడ అలవాటే కాబట్టి వదిన సగం కన్నడంలో, సగం తెలుగులో ఆయనతో వాదించింది. "అన్నా, స్వల్ప నోడి, కొంచెం సూడు, ముసలమ్మ ఉండాది. ఆకలైతే ఎట్ల?" ఆయన నవ్వాడు గానీ వదల్లేదు. పారేయడానికి మాకెవరికీ మనసు రాలేదు. అందరం వెనక్కి వచ్చి, కార్ల మధ్య దుప్పటి పరిచి, ఉదయం ఎనిమిదిన్నరకు, ఆ రోజు మొత్తానికి కావలసిన తిండి ఒకేసారి తినడానికి కూర్చున్నాం.

అంత వేగంగా ఎప్పుడూ తినలేదు. మా మరిది ఓళిగను చుట్ట చుట్టి రెండు ముక్కల్లో మింగాడు. పక్క కారు వాళ్ల పరిస్థితీ అదే. వాళ్లు బిసిబేళె బాత్ గిన్నె ముందు పెట్టుకుని మా వైపు దీనంగా చూస్తున్నారు. మేం ఓళిగలు ఇచ్చాం, వాళ్లు గిన్నెలోంచి గరిటెడు వేశారు. ఐదు నిమిషాల్లో అక్కడ నాలుగైదు కుటుంబాలు ఒకరి తిండి ఒకరి నోట్లో పెట్టేస్తున్నాయి. చివరికి నేను పొట్ట పట్టుకుని లేవలేక లేవలేక లేచాను. మళ్లీ గేటు దగ్గరికి వెళ్లాక ఆ మనిషి అత్త చేతిలోని వక్కాకు సంచి తెరిచి సున్నం డబ్బా మూత తీసి వాసన చూశాడు. అత్త ఒక ఆకు తీసి, సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి ఆయన చేతిలో పెట్టింది. ఆయన అటూ ఇటూ చూసి బుగ్గన పెట్టుకున్నాడు.

లోపల ఎంత జనమో! నేలంతా తలలే. దూరంగా రన్‌వే ఎండకు తెల్లగా మెరుస్తోంది. మేం తాడు కట్టిన చోటికి కొంచెం వెనక, ఎండలోనే నిలబడ్డాం. మైకులో ఎవరో ఇంగ్లీషులో, హిందీలో ఏదో చెబుతున్నారు. మా పాప తల తిప్పుతూ ఆకాశమంతా వెతుకుతోంది.

ముందు విమానం వచ్చింది. చప్పుడు లేదు. బూడిద రంగు త్రికోణం ఒకటి ఎడమ వైపు నుంచి, చెట్ల కొనలకు కొంచెం పైన, కాగితాన్ని కత్తెరతో కోసినట్టు వచ్చేసింది. "ఇదేంది, చప్పుడే లేదే" అని మా ఆయన అంటుండగానే చప్పుడు వచ్చింది. దాన్ని ఎట్లా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. ఆకాశాన్ని రెండు చేతులతో పట్టుకుని గుడ్డలా చింపినట్టుంది. నా పళ్లు కదిలాయి. కాళ్ల కింద మట్టి కదిలింది. ఆ మైదానంలో ఎంతమంది ఉన్నారో అంతమంది చేతులూ చెవుల మీదికి పోయాయి. వదిన ఐతే చెవులు మూసుకుని గొంతుక్కూర్చుని, తల నా చీర కుచ్చిళ్లలో పెట్టేసింది.

మా అత్త ఒక్కతే నిటారుగా నిలబడి ఉంది. చేతులు కిందికి వదిలేసి, నోరు తెరిచి, విమానం పోయిన వైపు చూస్తోంది. నేను భయపడ్డాను, గుండెకేమైనా అయ్యిందేమో అని. ఆమె మెల్లగా మా ఆయన వైపు తిరిగింది.

"రేయ్, ఇనిపించింది!"

"ఏమ్మా?"

"ఇనిపించిందిరా! నాకు ఇనిపించింది! ఈడ" అని రొమ్ము మీద కొట్టుకుంది. "ఈడ కూడా" అని చెవి పట్టుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నోటిలోని ఆకుతో ఎర్రటి నవ్వు. అంత పెద్దగా ఆమె నవ్వడం నేను కాపురానికి వచ్చిన తర్వాత చూడలేదు. విమానం నిట్టనిలువుగా పైకి లేచి, గింగిరాలు తిరిగి, మళ్లీ మా మీదికే దూకింది. అత్త కొంగు తీసి గాల్లో ఊపింది. "రా! ఇంకోతూరి రా! గట్టిగా రా!" అని అరిచింది. చుట్టూ ఉన్నవాళ్లు చెవులు మూసుకుని ఆమెను చూసి నవ్వుతున్నారు. ఎవరో కాలేజీ ఆడపిల్లలు ఆమెతో పాటు కొంగుల బదులు చున్నీలు ఊపారు. మా ఆయన నవ్వుతూనే మొహం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. చెమటేలే అన్నాడు.

ఆ తర్వాత హెలికాప్టర్లు వచ్చాయి. వాటి చప్పుడు అత్తకు అంతగా అందలేదు. "ఇయ్యి లాభం ల్యా, ఇందాక వచ్చినదాన్ని రమ్మను" అంది. ఈలోగా ముందుకు పోయి చూపిస్తానని మా మరిది పాపను తీసుకుని జనంలోకి వెళ్లాడు. వెళ్లి చాలాసేపయింది. నేను ఫోన్ చేస్తే పోలేదు. అంతమంది ఒక్క చోట చేరితే ఫోన్లు ఏం పనిచేస్తాయి? మా ఆయన చేస్తే, మోగకుండానే ఆగిపోయింది. మొదట విసుక్కున్నాను, తర్వాత మునివేళ్ల మీద లేచి వెతకడం మొదలుపెట్టాను. అన్ని వేల తలల్లో మా పాప నీలం రిబ్బను ఎక్కడని వెతకను?

వదినే చూసింది. "అదో, ఆడ! ఆ రేకుల షెడ్డు కాడ!" మాకు, వాళ్లకు మధ్యన రెండు వరసల తాళ్లు, ఒక దారి, పోలీసులు ఉన్నారు. వాళ్లెలాగో అవతలి పక్కకు చేరిపోయారు. మా మరిది పాపను భుజాల మీద ఎక్కించుకుని, మమ్మల్ని చూసి ఏదో అరుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే రెండు యుద్ధ విమానాలు ఒకదాని వెనక ఒకటి మా మీదికి దూకాయి. ఒక్క ముక్క వినిపించలేదు. మా ఆయన "ఏం?" అని అరుస్తాడు, అది ఆయనకే వినిపించదు. నేను చేతులు ఊపుతున్నాను. వదిన గొంతు, పుంగనూరు సంతలో ఈ చివర నుంచి ఆ చివరకు పోయే ఆ గొంతు, నా పక్కనే ఉన్నా నాకు అందలేదు.

అప్పుడు అత్త నా భుజం తట్టింది. కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని రేకుల వైపు చూస్తూ, చప్పుడు తగ్గిన సందులో, చాలా మామూలుగా చెప్పింది.

"పాప బాగుండాదంట. ఈ పక్క దారి మూసేసినారంట, ఇడిసేది ల్యేదంటాండారు. అయిపోయినంక నీళ్ల ట్యాంకరు కాడికి రమ్మంటాండాడు."

మేం ముగ్గురం ఆమె వైపు తిరిగాం.

"ఇంగొకటి అంటాండాడు, ఉండు." ఆమె కళ్లు చిట్లించింది. "అన్నా, పాపకి రెండు ఐసులు తినిపించినా, దగ్గుండాది గదా, వదినకి చెప్పొద్దు, అంట." ఆమె నా వైపు చూసింది. "నీకే, చెప్పొద్దన్న్యాడు."

మా ఆయన అనుమానం తీరక, రేకుల వైపు చూసి గాల్లో నీళ్ల ట్యాంకరు బొమ్మ గీసి, కొళాయి తిప్పినట్టు చేసి చూపించాడు. అటు నుంచి మా మరిది రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టాడు. పాప ఆయన జుట్టు పట్టుకుని ఊగుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. అంత దూరం నుంచి మరిది మాటలు పొల్లుపోకుండా చదివిన మనిషి, ఐదడుగుల దూరంలో పొయ్యి దగ్గర నేను గొణిగినవన్నీ? ఈ ఎనిమిదేళ్లూ? వదిన నా మొహం చూసింది, నేను వదిన మొహం చూశాను. వదిన మెల్లగా కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంతలో తొమ్మిది ఎర్ర విమానాలు బాణం ములుకులా వచ్చాయి. తోకల నుంచి మూడు రంగుల పొగ. అవి విడిపోయి, కలిసి, ఒకదానికొకటి ఎదురుగా వచ్చి గుద్దుకుంటాయేమో అనేంత దగ్గరగా పక్కకు తప్పుకున్నాయి. రెండు విడిపోయి పొగతో గుండె ఆకారం గీశాయి. జనం పిచ్చిగా అరిచారు. భయం, సిగ్గు అన్నీ మరిచిపోయి నేనూ అరిచాను. పక్కనున్న ఎవరో తెలియని ఆవిడ చెయ్యి పట్టుకుని ఎగిరాను. నలభై దాటిన దాన్ని, పొద్దున తిన్న ఓళిగలు కడుపులో ఉండగానే ఎగిరాను.

అయిపోయాక నీళ్ల ట్యాంకరు దగ్గరికి పోతే, పాప నాలుక నారింజ రంగులో ఉంది. మరిది నన్ను చూసి ముందే చేతులు జోడించాడు.

"యాల దండం పెడతావప్పా? రెండు ఐసులు గదా?" అన్నాను.

ఆయన నోరు తెరుచుకుని నన్ను, అన్నను, మళ్లీ నన్ను చూశాడు. "మీకు ఇనిపించిందా? అంత చప్పుడులో?"

"అమ్మకి కనిపించింది" అన్నాడు మా ఆయన.

మరిదిని కూడా కారెక్కించుకుని మదనపల్లెకు తిరుగు దారి పట్టాం. దేవనహళ్లి దాటేసరికి వెనక సీట్లో వదిన ఉండబట్టలేక నా చెవిలో గుసగుసలాడింది. "ముందర కూసోనుండాది గదా, మన మూతులు కనిపించవులే." నేను తలెత్తి చూశాను. ఎండ మా వెనక వైపు ఉంది. అయినా ముందు సీటుకు ఎండ తగలకుండా ఉండే ఆ అట్ట కిందికి దించి ఉంది. దానికో చిన్న అద్దం. ఆ అద్దంలో అత్త కళ్లు రెండూ మమ్మల్నే చూస్తున్నాయి.

"కనిపిస్తాయి" అంది అత్త.

వదిన కెవ్వుమంది. మా ఆయన నవ్వాపుకోలేక బండి రోడ్డు పక్కన ఆపేశాడు. అక్కడే ఒక టీ అంగడి ఉంది, అందరం దిగాం. నేను అత్త ఎదురుగా నిలబడి, ఈసారి అరవకుండా, మామూలుగా అడిగాను.

"ఎప్పటి నుంచి అత్తా?"

"గొర్లు కాసేటప్పటి నుంచే" అంది. "నేను ఈ గుట్ట మింద ఉంటే, మా చిన్నమ్మ ఆ గుట్ట మింద ఉండేది. గాలి మాటని ఎత్తుకోని పోతాది. మూతి సూసే మాట్లాడుకుండేవాళ్లం. చెవులు పోయినాక అదే పనికొచ్చింది."

"మరి మాకు యాల చెప్పల్యా?"

అత్త టీ ఊదుకుంది. "చెప్పింటే నా ఎదురుగా మాట్లాడతారా మీరు? చెవిటిదానికి ఎవురూ ఏమీ చెప్పరు. 'ఏంల్యే అత్తా' అంటారు. నవ్వుతా ఉంటారు, యాల నవ్వినారంటే 'ఏంల్యే.' ఇంట్లో ఏం జరుగుతాండేది నాకెట్ల తెలియాల?"

ఆ 'ఏంల్యే' నేను రోజుకెన్నిసార్లు అని ఉంటానో. నా కళ్లలో నీళ్లు తిరగడం ఆమె చూసింది. గ్లాసు పక్కన పెట్టి నా గడ్డం పట్టుకుంది.

"అయినా నీ మూతి బాగా అర్థమవుతాది. తేటగా తిడతావు. దీని నోరు సూడు" అని వదిన వైపు చూపించింది, "ఎప్పుడూ నిప్పట్లు నములుతానే ఉంటాది, నన్ను తిట్టిందో అల్లుణ్ణి తిట్టిందో తెలిసి సావదు."

ఏడవాల్సిన నేను నవ్వేశాను. వదిన నవ్వుతూ బెంచీ మీద కూలబడింది. మరిది నోట్లోని టీ కక్కుకున్నాడు. టీ అంగడాయన మాకేమయిందో తెలియక తనూ నవ్వాడు. "సత్తెం చెప్పమ్మా, నిన్ను ఎప్పుడన్నా తిట్టినానా?" అని మా ఆయన అడిగితే, "నువ్వు నిద్రలో కూడా టమోటాలే పలవరిస్తావు, నిన్ను సూసేది మానేసినా" అంది. పాప ఒక్కొక్కరి ముందుకు వచ్చి, చప్పుడు చేయకుండా పెదాలు కదుపుతూ, "అవ్వా, నేనేమన్న్యానో చెప్పు" అని పరీక్ష పెట్టింది. ప్రతిసారీ అత్త గెలిచింది.

మర్నాడు మా అందరికీ మెడలు పట్టేశాయి. తల ఎత్తితే దించలేం, దించితే ఎత్తలేం. ముక్కులు కాలి ఎర్రబడ్డాయి. వదిన పుంగనూరుకు ఫోన్ చేస్తే, ఆవు రాత్రే ఈనిందని, పెయ్యదూడ అని తెలిసింది. దానికి ఏం పేరు పెట్టాలా అని మరిదితో పొద్దంతా పోట్లాడింది. సాయంత్రం వీధిలోని ఆడవాళ్లంతా విమానాల సంగతి అడగడానికి మా అరుగు మీదికి చేరారు. నేను చెప్పబోతే అత్త చేత్తో ఆపింది. కొంగు నడుముకు చుట్టి లేచి నిలబడి, చేతిని విమానం చేసి, ఒక చివర నుంచి పరుగెత్తించి, "ఇట్ల వచ్చిందమ్మా, నా కొప్పుకి తగల్తాదేమో అన్నట్టు వచ్చింది" అని మొదలుపెట్టింది. ఆమె కథలో తొమ్మిది విమానాలు పంతొమ్మిది అయ్యాయి. నడిపే పిల్లోడు కిటికీలోంచి ఆమెకు చెయ్యి ఊపాడు కూడా. మా పాప సరిదిద్దడానికి నోరు తెరిస్తే నేను దాని చెయ్యి నొక్కి ఊరుకోమన్నాను. అప్పటికే అత్త చేతి మూడో విమానం గుమ్మం దాటి, వాకిట్లో వాళ్ల నెత్తుల మీదుగా లేస్తోంది.